జిజెల్ బ్యాలేని ఇంట్లో టీవీలో చూడటం ఎలా: మొదటిసారి చూసేవాళ్ళకి

బ్యాలే మనకేం అర్థమవుతుందిలే అని పక్కన పెట్టేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను మొదటిసారి జిజెల్ చూసింది ఫోన్‌లో, రాత్రి పదకొండు దాటాక, ట్యూబ్‌లైటు వెలుగులో, ఎవరో ముక్కలు ముక్కలుగా పెట్టిన మసక వీడియోలో. రెండో అంకం వచ్చేసరికి తెర నిండా తెల్ల గౌన్లే, ఎవరు ఎవరో తెలియక ఆపేసి పడుకున్నాను. రెండేళ్ళ తర్వాత అదే బ్యాలేని కథ తెలుసుకుని, గది చీకటి చేసుకుని, పెద్ద తెర మీద చూశాను. చివర్లో ఏడుపు ఆపుకోలేకపోయాను, పక్కన కూర్చున్న పిన్ని కూడా అంతే. బ్యాలే అదే, మనిషిని నేనే, చూసిన తీరు మారింది. ఆ తీరు ఏమిటో వరసగా చెప్తాను.

ముందే ఒక మాట మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: మొదటి అంకంలో చిన్నచిన్నవిగా కనిపించే ప్రతిదీ, ఒక పువ్వు, ఒక అడుగు, ఒక ట్యూను, రెండో అంకంలో తిరిగి వస్తుంది. మొదటి అంకాన్ని శ్రద్ధగా చూసినవాళ్ళకే రెండో అంకం పూర్తిగా దక్కుతుంది.

మొదలు జిజెల్‌తోనే ఎందుకు

బ్యాలే అనగానే చాలామందికి గుర్తొచ్చేది హంసల కథ, స్వాన్ లేక్. అది కూడా గొప్పదే, కానీ నాలుగు అంకాలు, చాలాసేపు నడుస్తుంది, మధ్యలో కథ ఆగిపోయి వరసగా డాన్సులే వచ్చే చోట్లు ఎక్కువ. జిజెల్ రెండే అంకాలు. విరామం తీసేస్తే దాదాపు గంటా యాభై నిమిషాలు, అంటే మన సినిమా కంటే తక్కువ. పగలు ఒక పల్లె, రాత్రి ఒక అడవి, అంతే.

ఇది 1841 జూన్ 28న పారిస్‌లో మొదటిసారి ఆడింది. అప్పట్లో అక్కడ కవులూ చిత్రకారులూ అందరూ వెన్నెల, అడవులు, ఆత్మలు, అందని ప్రేమ అనే లోకంలో ఉన్నారు. దానికి కాస్త ముందే, 1832లో, మారీ తాల్యోనీ అనే నర్తకి తెల్లని పల్చటి గౌనులో కాలి మునివేళ్ళ కొన మీద నిలబడి, నేలకి అంటని ఆత్మలా ఆడి ఊరంతటినీ మైమరపించింది. రొమాంటిక్ బ్యాలే అంటే ఇదే, ఇక్కడ రొమాంటిక్ అన్నది ఆ కాలపు సాహిత్య ఉద్యమం పేరు, మనం మామూలుగా వాడే అర్థం కాదు. తెయోఫిల్ గోతియే అనే కవి, జర్మన్ కవి హైన్రిఖ్ హైనే రాసిన పుస్తకంలో విలీలు అనే ఆత్మల గురించి చదివి, ఇది బ్యాలేకి భలే ఉంటుంది అనుకున్నాడు. ఇంకో రచయిత సెయింట్ జార్జెస్‌తో కలిసి కథ రాశాడు. సంగీతం అడోల్ఫ్ ఆడమ్‌ది, నృత్యం కూర్చినవాళ్ళు కొరాలీ, పెరో. మొదటి జిజెల్‌గా ఆడింది కార్లోటా గ్రిసీ అనే 22 ఏళ్ళ ఇటాలియన్ అమ్మాయి.

పారిస్‌లో 1868 తర్వాత దీన్ని ఆడటం మానేశారు. బతికించింది రష్యా. ఇందులో కథానాయకుడు ఆల్బ్రెక్ట్ వేషాన్ని మొదట వేసిన లూసియన్ పెటిపాకి తమ్ముడు మారియస్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉండేవాడు, ఆయన దీన్ని మళ్ళీ మళ్ళీ సరిదిద్ది ఆడించాడు. ఇవాళ మనం చూసేది ఎక్కువగా ఆయన చేతుల మీదుగా వచ్చిన రూపమే. 1910లో రష్యన్ బృందమే దీన్ని తిరిగి పారిస్ తీసుకెళ్ళింది.

ఏ రికార్డింగు పెట్టుకోవాలి

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. వీడియో సైట్లో వెతికి మొదట వచ్చింది నొక్కేస్తారు. అది సగం ముక్క అయి ఉంటుంది, లేదంటే కథని పూర్తిగా మార్చేసిన కొత్త ప్రొడక్షన్ అయి ఉంటుంది. మొదటిసారికి సంప్రదాయ రూపం, పూర్తి నిడివి, మంచి పిక్చరు, ఈ మూడూ చూసుకోండి.

నేను అడిగినవాళ్ళందరికీ చెప్పేది లండన్ రాయల్ బ్యాలే వాళ్ళకి పీటర్ రైట్ రూపొందించిన ప్రొడక్షన్. అందులో కథ చాలా స్పష్టంగా చెప్తారు, పల్లె పల్లెలాగే ఉంటుంది. దీనికి మూడు రికార్డింగులు ఉన్నాయి: అలీనా కొజొకారు, యోహాన్ కోబోర్ ఆడినది 2006ది, నతాలియా ఒసిపోవా, కార్లోస్ అకోస్టా ఆడినది 2014ది, మరియనెల నున్యెజ్, వదీమ్ ముంతగీరోవ్ ఆడినది 2016ది. కొజొకారు జిజెల్ పసిపిల్లలా ఉంటుంది, ఒసిపోవా గాలిలో ఉండేసేపు చూస్తే ఆవిడకి బరువుందా అనిపిస్తుంది, నున్యెజ్ ముఖం చూస్తే చాలు కథ తెలిసిపోతుంది. నన్నడిగితే మొదటిసారికి నున్యెజ్, పిక్చరు కూడా కొత్తది కాబట్టి.

ఎక్కడ దొరుకుతాయి అంటే, డిస్కుల రూపంలో ఉన్నాయి, రాయల్ బ్యాలే వాళ్ళ సొంత స్ట్రీమింగ్ ఉంది, మెడిచీ టీవీ, మార్కీ టీవీ లాంటివి ఉన్నాయి. ఏ సర్వీసులో ఏది ఉంటుందన్నది మారుతూ ఉంటుంది కాబట్టి డబ్బు కట్టేముందు మీరున్న దేశంలో ఆ టైటిల్ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. ఒక్క బ్యాలే కోసమే అయితే నెలకి కట్టి, చూసి, మానేయండి, ఏడాది ప్యాకేజీ జోలికి పోకండి. విదేశాల నుంచి డిస్కు తెప్పించుకునేవాళ్ళు రీజియన్ కోడు, అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసుకోవాలి, ఇండియాకి డీవీడీ అయితే 5, బ్లూరే అయితే సి. అన్ని రీజియన్లకీ అని రాసి ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

టీవీ, సౌండు, గది

ఇది ముందురోజే చేసుకోండి, సరిగ్గా మొదలుపెట్టే టైమ్‌కి రిమోట్ పట్టుకుని కూర్చుంటే మూడ్ అంతా పోతుంది.

టీవీ పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే తీసేసి సినిమా మోడ్‌లో పెట్టండి. రెండో అంకం అంతా వెన్నెల, నీలం, నలుపు, తెలుపు. వివిడ్‌లో ఆ నీలం కళ్ళలో పొడుస్తుంది, నలుపు బూడిద రంగులోకి పోతుంది, తెల్లటి గౌన్ల మడతలు కనిపించవు. మోషన్ అని ఒక సెట్టింగు ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, కదలికని నున్నగా చేసి చూపించేది. దాన్ని ఆపేయండి. వేగంగా తిరిగే పాదాల చుట్టూ అది ఒక చెరిగిన నీడ లాంటిది పుట్టిస్తుంది, మీరు చూడాల్సిందే ఆ పాదాల్ని.

ల్యాప్‌టాప్‌లో పెట్టుకునేవాళ్ళు వైఫై మీద టీవీకి పంపే బదులు హెచ్‌డీఎమ్ఐ కేబుల్ పెట్టుకోండి. జిజెల్ చనిపోయే చోట వీడియో ఆగి గుండ్రంగా తిరగడం మొదలుపెడితే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు.

సౌండు సంగతి ఇంకా ముఖ్యం. డైలాగులు బాగా వినిపించే మోడ్ ఒకటి ఉంటుంది, అది ఆన్‌లో ఉంటే ఆర్కెస్ట్రా డబ్బాలో వాయించినట్టు ఉంటుంది. ఆఫ్ చేయండి. వాల్యూమ్‌ని మొదట్లో వచ్చే సంగీతాన్ని బట్టి పెట్టుకోవద్దు. మొదటి అంకం మధ్యకి జరిపి, వేటగాళ్ళ బూరాలు మోగే చోట పెట్టి, ఆ గట్టిదనం ఇంట్లోవాళ్ళకి ఫర్వాలేదు అనిపించేలా సెట్ చేసి వెనక్కి రండి. అప్పుడు రెండో అంకంలో ఒంటరిగా వచ్చే వయోలా, అంటే వయోలిన్ కంటే కాస్త పెద్ద వాయిద్యం, కూడా వినిపిస్తుంది. టీవీ సొంత స్పీకర్లు బలహీనంగా ఉంటే ఒక్కరే చూసేటప్పుడు హెడ్‌ఫోన్స్ మేలు.

గది చీకటి చేయండి. ఇది అలంకారం కోసం చెప్పట్లేదు. ఈ బ్యాలే పుట్టిన థియేటర్లో గ్యాస్ దీపాలు ఉండేవి, వాటిని తగ్గించీ పెంచీ వెన్నెలని సృష్టించడం అప్పటికి కొత్త. తెల్ల గౌన్ల మీద ఆ వెలుగు పడితే మనుషులు ఆత్మల్లా కనిపించేవాళ్ళు. ఆ దీపాలే ప్రాణాలు కూడా తీశాయి: 1862లో అదే థియేటర్లో రిహార్సల్ జరుగుతుండగా ఎమ్మా లివ్రీ అనే నర్తకి గౌనుకి మంట అంటుకుంది, నెలల తరబడి బాధపడి 1863లో చనిపోయింది, ఇరవై ఏళ్ళు. రెండో అంకం చూస్తుంటే నాకు ప్రతిసారీ ఆవిడ గుర్తొస్తుంది.

కథ ముందే పూర్తిగా తెలుసుకోండి

సస్పెన్స్ పోతుందని భయపడకండి. రాత్రంతా కూర్చుని భాగవతాలూ నాటకాలూ చూసిన మన పెద్దవాళ్ళకి కథ తెలియదా? సత్యభామ జడ విసురుతుందని తెలిసే వెళ్ళేవాళ్ళు, ఈవిడ ఎలా విసురుతుందో చూద్దామని. ఇదీ అంతే.

రైన్ నది ఒడ్డున ద్రాక్షతోటల మధ్య ఒక పల్లె, కోతల కాలం. జిజెల్ అక్కడి పిల్ల. ఆటంటే ప్రాణం, గుండె మాత్రం బలహీనం. ఎదురు గుడిసెలోకి కొత్తగా వచ్చిన లాయిస్ అనే కుర్రాణ్ణి ప్రేమించింది. వాడు నిజానికి ఆల్బ్రెక్ట్ అనే డ్యూకు, కత్తీ పైవస్త్రమూ గుడిసెలో దాచి పల్లెటూరివాడి వేషంలో వస్తున్నాడు. పైగా అతనికి బతిల్డ్ అనే గొప్పింటి అమ్మాయితో నిశ్చితార్థం అయిపోయింది. హిలేరియన్ అనే అడవి కాపలాదారు జిజెల్‌ని ప్రేమిస్తాడు, కుళ్ళుతో ఆ కత్తి వెతికి పట్టుకుంటాడు. వేటకి వచ్చిన గొప్పవాళ్ళ బృందం అదే ఊళ్ళో ఆగుతుంది, అందులో బతిల్డ్ ఉంటుంది. అందరి ముందూ నిజం బయటపడుతుంది. జిజెల్‌కి మతి చలించి అక్కడే ప్రాణం పోతుంది.

రెండో అంకం అర్ధరాత్రి, అడవిలో జిజెల్ సమాధి దగ్గర. పెళ్ళి కుదిరి, పెళ్ళికి ముందే చనిపోయిన అమ్మాయిలు విలీలుగా లేస్తారు. వాళ్ళ రాణి మిర్తా. ఆ దారిన వచ్చిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తారు. చిన్నప్పుడు కామినీ దయ్యాల కథలు విన్నవాళ్ళకి వీళ్ళు వెంటనే అర్థమవుతారు. హిలేరియన్ దొరికి చచ్చిపోతాడు. పువ్వులు పట్టుకుని ఏడుస్తూ వచ్చిన ఆల్బ్రెక్ట్ దొరుకుతాడు. జిజెల్, మోసపోయిన ఆ జిజెల్, తెల్లారేదాకా అతన్ని కాపాడుతుంది.

ఐదారు సైగలు నేర్చుకోండి

బ్యాలేలో మాటలుండవు, సబ్‌టైటిల్స్ ఉండవు. సైగలుంటాయి. మన అభినయంలో ఉన్నన్ని లేవు, కాబట్టి పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

గుండె మీద రెండు చేతులూ పెట్టుకుంటే ప్రేమ. ఎడమచేతి ఉంగరం వేలిని చూపిస్తే పెళ్ళి, లేదా నిశ్చితార్థం. తల పైన రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ఆట, డాన్సు. ముఖం చుట్టూ చేత్తో సున్నా చుడితే అందం. పిడికిళ్ళు బిగించి, మణికట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి కిందికి చాపితే చావు. రెండు వేళ్ళు పైకెత్తితే ప్రమాణం.

మా పిన్ని చిన్నప్పుడు కొన్నేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. ఆవిడకి నేను ఈ సైగలేవీ చెప్పలేదు. మొదట్లో ఒకచోట ఆల్బ్రెక్ట్ రెండు వేళ్ళు పైకెత్తగానే, "వీడు ఒట్టేస్తున్నాడే," అంది. జిజెల్ గబుక్కున అతని చెయ్యి పట్టి దించేసింది. "చూశావా, ఆ పిల్ల ఒట్టు వద్దంటోంది. లోపల ఏదో భయం ఉంది దానికి," అంది పిన్ని. నేను మూడుసార్లు చూసి కూడా ఆ చెయ్యి దించడాన్ని సిగ్గు అనుకున్నాను. ఆ రోజు తర్వాత నాకు జిజెల్ అమాయకురాలిగా కనిపించడం మానేసింది. కూచిపూడో భరతనాట్యమో తెలిసినవాళ్ళు ఇంట్లో ఉంటే తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళకి కనిపించేవి మనకి కనిపించవు.

జిజెల్ తల్లి బెర్త్ చేసే సైగల ఘట్టం ఒకటుంది, మొదటి అంకంలో. కొన్ని ప్రొడక్షన్లలో కత్తిరించేస్తారు, ఉంటే మీ అదృష్టం. కూతురు ఆటలో పడి ఒళ్ళు మరిచిపోతోందని ఆవిడ విలీల కథ చెప్పి భయపెడుతుంది: రాత్రి, అడవి, సమాధిలోంచి లేవడం, రెక్కలు, ఆట, చావు. అప్పుడు వెనక వినిపించే సంగీతం చెవిలో పెట్టుకోండి. రెండో అంకంలో అసలు విలీలు వచ్చేటప్పుడు అదే వస్తుంది.

మొదటి అంకం: వీటి మీద కన్నేసి ఉంచండి

పువ్వు ఘట్టం. ఒట్టు వద్దన్నాక జిజెల్ ఒక డైసీ పువ్వు కోస్తుంది. ఒక్కో రేకు తుంచుతూ, ప్రేమిస్తాడు, ప్రేమించడు. సగంలో మిగిలిన రేకులు కళ్ళతోనే లెక్కపెట్టుకుంటుంది. లెక్క ఎటు పోతోందో తెలిసి ముఖం వాడిపోతుంది, పువ్వు వదిలేసి దూరం జరుగుతుంది. ఆల్బ్రెక్ట్ ఆ పువ్వు తీసుకుని, ఆమెకి కనిపించకుండా ఒక రేకు పీకేసి, ఇదిగో చూడు, ప్రేమిస్తాడనే వచ్చింది అని చూపిస్తాడు. ఆమె నమ్ముతుంది. మొత్తం బ్యాలే ఈ ఒక్క రేకులో ఉంది. అతను ప్రేమతోనే పీకాడు, మోసంతోనే పీకాడు, రెండూ నిజం. ఈ చోట కెమెరా సాధారణంగా దగ్గరికి వస్తుంది, ఆల్బ్రెక్ట్ వేళ్ళని చూడండి, ఒక్కో నటుడు ఒక్కోలా చేస్తాడు. ఒకడు తేలిగ్గా, అలవాటైన పనిలా. ఇంకొకడు అటూ ఇటూ చూసి, తప్పు చేసిన పిల్లాడిలా. అతను ఎలాంటివాడో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత ఇద్దరూ పక్కపక్కన చేతులు కలుపుకుని గెంతుతూ ఆడతారు, మధ్యలో జిజెల్ గుండె పట్టుకుని ఆగుతుంది. ఒక్క క్షణమే. చూడకపోతే పోతుంది.

హిలేరియన్ వచ్చినప్పుడల్లా సంగీతంలో కొట్టినట్టు వచ్చే చిన్న ముక్క ఉంటుంది, నాలుగైదుసార్లు విన్నాక అతను తెర మీదికి రాకముందే మీకు తెలిసిపోతుంది.

బతిల్డ్ వచ్చినప్పుడు జిజెల్ ఆమె వెనక చేరి, ఆ ఖరీదైన గౌను అంచుని తాకి, చెంపకి ఆనించుకుంటుంది. బతిల్డ్ వెనక్కి తిరిగి చూసి, ముచ్చటపడి, మెడలో గొలుసు తీసి ఇస్తుంది. ఆ గొలుసుని మర్చిపోకండి.

మధ్యలో పల్లెవాళ్ళు చేసే పెద్ద డాన్సు ఒకటి వస్తుంది, కొన్నింట్లో ఇద్దరు, కొన్నింట్లో ఎక్కువమంది ఆడతారు. దీని సంగీతం ఆడమ్‌ది కాదు, బుర్గ్‌ముల్లర్ అనే ఆయనది, మొదటి ప్రదర్శనకి ముందు ఇరికించారు. కథకి అవసరం లేదు, హాయిగా చూడండి. పిల్లలు కదలాలంటే ఇక్కడ కదలనివ్వండి. చాలా ప్రొడక్షన్లలో జిజెల్ ఒంటరిగా ఆడే ముక్కలో ఒక కాలి కొన మీదే గెంతుకుంటూ స్టేజీ ఆ మూల నుంచి ఈ మూలకి వస్తుంది. ముఖంలో ఆ కష్టం ఏమైనా కనిపిస్తుందేమో చూడండి, కనిపించకూడదు.

ఆ తర్వాత మతి చలించే ఘట్టం. ఇక్కడ ఫోన్ మోగినా ఎత్తకండి. జుట్టు విడిపోయి ఉంటుంది. గొలుసు తెంపి పారేస్తుంది. గాలిలో లేని పువ్వుని పట్టుకుని రేకులు తుంచుతుంది, ఆ పువ్వు ట్యూనే వస్తుంది కానీ విరిగిపోయి, ఆగి ఆగి. మొదట్లో ఇద్దరూ కలిసి ఆడిన అడుగులు ఇప్పుడు ఒంటరిగా, తడబడుతూ వేస్తుంది, పక్కన లేని మనిషి చెయ్యి పట్టుకున్నట్టు. ఆర్కెస్ట్రా గుర్తు చేసుకుంటోంది, కాళ్ళు గుర్తు చేసుకుంటున్నాయి, మనిషి మాత్రం అక్కడ లేదు. కొన్ని ప్రొడక్షన్లలో గుండె ఆగి చనిపోతుంది. పీటర్ రైట్ దాంట్లో కత్తితో తనే పొడుచుకుంటుంది, అందుకే ఊరి శ్మశానంలో కాక అడవిలో పాతిపెట్టారని ఆయన లెక్క. నాకు ఆ లెక్కే సరిగ్గా కుదిరినట్టు అనిపిస్తుంది.

విరామం తీసుకోండి

రికార్డింగులో విరామం కత్తిరించి ఉంటే మీరే ఆపి పదిహేను నిమిషాలు తీసుకోండి. టీ తాగండి. వెంటనే రెండో అంకంలోకి దూకితే ఆ చావు మనసులో దిగదు. లైట్లు మాత్రం పూర్తిగా వేయకండి, కళ్ళు చీకటికి అలవాటుపడి ఉండాలి. చిన్నపిల్లలు ఉంటే ఇక్కడ అడగండి, భయమేస్తోందా అని. ఆరేడేళ్ళ పిల్లలు రెండో అంకాన్ని మనకంటే బాగా చూస్తారు నిజానికి, దయ్యాల్ని వాళ్ళు ఇంకా నమ్ముతారు కదా. పెద్దవాళ్ళు అలిసిపోతే మర్నాడు చూడండి, తప్పేం లేదు.

రెండో అంకం

ముందు మిర్తా వస్తుంది. కాళ్ళు కదులుతున్నట్టే ఉండదు, స్టేజీ మీద జారుతున్నట్టు ఉంటుంది. నిజానికి మునివేళ్ళ మీద సన్నసన్నని అడుగులు, కుట్టుమిషన్ సూది కదిలినంత వేగంగా. ముఖంలో జాలి అన్నది ఉండకూడదు. మిర్తా మెత్తగా ఉంటే రెండో అంకం నిలబడదు.

తర్వాత విలీలు, మేలిముసుగులతో. ఒకచోట రెండు వైపుల నుంచి వరసలు వరసలుగా, ఒక కాలు వెనక్కి చాచి, ఇంకో కాలి మీద గెంతుతూ ఒకరి వరసలోంచి ఒకరు దాటిపోతారు. థియేటర్లో జనం ఇక్కడ చప్పట్లు కొడతారు, రికార్డింగులో వినిపిస్తుంది. ఇక్కడ దూరం షాట్ కావాలి. కెమెరా ఏ ఒక్కరి ముఖం దగ్గరికో వెళ్తే నాకు చిరాకేస్తుంది, ఎందుకంటే అక్కడ ఒక్క మనిషి అని ఎవరూ లేరు, అందరూ కలిసి ఒక్కటే ప్రాణి. తెరకి మరీ దగ్గరగా కూర్చోకండి, మొత్తం స్టేజీ ఒక్క చూపులో పట్టాలి.

జిజెల్ సమాధిలోంచి లేచి, మిర్తా ముందు తల వంచి, ఒక్కసారిగా సుడిలా తిరుగుతుంది. ఇప్పటినుంచి ఆమె కళ్ళు గమనించండి. మొదటి అంకంలో ఆల్బ్రెక్ట్ కళ్ళలోకి చూసిన అమ్మాయి ఇప్పుడు అతన్ని దాటి ఎటో చూస్తుంది. అతను పట్టుకోబోతే చేతికి అందదు. పువ్వులు విసురుతుంది అతని మీదుగా, ఆ చోట మళ్ళీ ఆ డైసీ ట్యూను నీడలా వస్తుంది. వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

హిలేరియన్‌ని ఆడించి చెరువులోకి తోసేశాక ఆల్బ్రెక్ట్ వంతు. జిజెల్ అతన్ని తన సమాధి శిలువ దగ్గరికి పంపుతుంది, అక్కడ మిర్తా చేతిలోని మంత్రపు కొమ్మకి శక్తి ఉండదు. మిర్తా తెలివైనది, జిజెల్‌నే ఆడమంటుంది. ఆమె ఆడుతుంటే అతను ఆగలేక శిలువ వదిలి వస్తాడు. ఇక్కడే వయోలా. ఇద్దరి నిదానమైన డాన్సు, జిజెల్ ఒంటికాలి మీద నిలబడి రెండో కాలిని చాలా మెల్లగా ఎత్తుతూ పోతుంది. చూసేవాళ్ళకి ఏమీ జరగనట్టు ఉంటుంది. ఆ నిదానమే అన్నిటికంటే కష్టం, గెంతులో వణుకు దాచుకోవచ్చు, ఇందులో దాచుకోలేరు.

చివర్లో ఆల్బ్రెక్ట్ నిలబడిన చోటే పైకి ఎగురుతూ గాలిలో పాదాలు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ, ఆగకుండా, ఇరవై ముప్పైసార్లు దాకా ఎగురుతాడు. ఇంకో రకం ప్రొడక్షన్లలో మూలగా పక్కలకి ఎగురుతూ మిర్తా వైపుకి లాగబడినట్టు వస్తాడు. ఏదైనా సరే, ఇది బల ప్రదర్శన కాదని గుర్తుపెట్టుకోండి, అతన్ని ఎవరో ఎగరేస్తున్నారు, అతను ఆగమని బతిమాలుతున్నాడు. మంచి నటుడైతే పైన ఒళ్ళు అలిసిపోతూ కింద కాళ్ళు మాత్రం ఆగనట్టు కనిపిస్తుంది.

తెల్లవారుజామున గంట మోగుతుంది. విలీల శక్తి పోతుంది. జిజెల్ వెళ్ళిపోతుంది.

పేర్లు పడగానే ఆపకండి. వాళ్ళు తెర ముందుకొచ్చి నమస్కారాలు చేసేదాకా చూడండి. జిజెల్ వేసిన ఆవిడ ముఖం చాలాసార్లు ఇంకా ఆ లోకంలోనే ఉంటుంది, నవ్వు రావడానికి కాసేపు పడుతుంది.

రెండోసారి

వారం ఆగి మళ్ళీ చూడండి, మొత్తం అక్కర్లేదు. మతి చలించే ఘట్టం ఒక్కటి వేర్వేరు నర్తకులది పక్కపక్కన పెట్టుకోండి. 1956లో మాస్కో బొల్షోయ్ బృందం మొదటిసారి లండన్ వచ్చినప్పుడు గలీనా ఉలానోవాది సినిమాగా తీశారు, కుదించిన జిజెల్ అది, అప్పుడు ఆవిడకి 46 ఏళ్ళు. మొదట ముఖంలో వయసు కనిపిస్తుంది, ఐదు నిమిషాల తర్వాత కనిపించదు. 1969లో కార్లా ఫ్రాచీ, ఎరిక్ బ్రూన్ చేసిన సినిమా ఉంది. వీటి తర్వాత మళ్ళీ నున్యెజ్ దగ్గరికి రండి.

పాత రూపం బాగా వంటబట్టాకే కొత్తవాటి జోలికి వెళ్ళండి. అక్రమ్ ఖాన్ 2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే కోసం చేసిన జిజెల్ మనవాళ్ళు తప్పక చూడాల్సింది. ఆయన కథక్ నేర్చుకున్నవాడు, ఆయన జిజెల్ మూతపడిన బట్టల ఫ్యాక్టరీలో పనిచేసిన వలస కూలీ. నేలని పాదంతో కొట్టే తీరు చూడగానే మనకి తెలిసిపోతుంది ఎక్కడి నుంచి వచ్చిందో.

ఇంకొక్కటి చేయండి. మొత్తం బ్యాలే ఒకసారి హిలేరియన్‌ని మాత్రమే చూస్తూ చూడండి. జిజెల్ కోసం ఇంటి ముందు ఏదో ఒకటి తెచ్చి పెట్టేది అతను. ఆమె చనిపోయాక మొదట సమాధి దగ్గరికి వచ్చేది కూడా అతనే. అతన్ని చెరువులోకి తోసేటప్పుడు జిజెల్ స్టేజీ మీద ఉండదు, అతని కోసం మిర్తాని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. పిన్ని ఆ చోట టీవీ ఆపమని, "వీడి తప్పేముందే?" అని అడిగింది, మేమిద్దరం ఆ రాత్రి ఒంటిగంట దాకా దాని గురించే మాట్లాడుకున్నాం.